ఇద్దరు నాయనల కొడుకు

మా చిన్నన్న మా అమ్మను చిన్నమ్మా అని పిలిచేవాడు. మా నాయనను చిన్నాయనా అనేవాడు. వాకిలి అవతలి ఇంట్లో ఉండే మా పెదనాయననేమో నాయనా అనీ, పెద్దమ్మను అమ్మా అనీ పిలిచేవాడు. నేను పుట్టేసరికే ఆ పిలుపులు అందరికీ అలవాటైపోయి ఉన్నాయి. నాకు అందులో వింత ఏమీ కనిపించలేదు. బడికి పోయే వయసు వచ్చాక ఒకరోజు అమ్మ నాకు తల దువ్వుతూ చెప్పింది, వాడు తన కడుపున పుట్టినవాడేనని.

మా ఊరు తర్లుపాడుకు నడిచి పోయేంత దూరంలో ఉండేది. అప్పటికి మాది కర్నూలు జిల్లా. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, ఆ తర్వాత తెలంగాణ కూడా కలిసి, హైదరాబాదు రాజధాని అయిందని పెద్దవాళ్లు మాట్లాడుకునే రోజులు. మా ఇల్లు, పెదనాయన ఇల్లు ఎదురుబొదురు. మధ్యలో ఒకటే వాకిలి, ఒక మూల ఎద్దుల కొట్టం. పెదనాయనకు పిల్లలు లేరు. మా నాయనకు ఇద్దరు మగపిల్లలు. మా అబ్బ, అంటే నాయన వాళ్ల తండ్రి, బతికి ఉన్న రోజుల్లోనే రెండోవాడిని పెదనాయనకు ఇవ్వాలని అనుకున్నారు. ఊరి పెద్దలను పిలిచి, పిల్లవాడికి కొత్త చొక్కా తొడిగి, పెదనాయన ఒళ్లో కూర్చోబెట్టి, అందరికీ బెల్లం పంచారట. కాగితం రాసుకుందామా అని ఎవరో అంటే అబ్బ కోప్పడ్డాడట.

"అన్నదమ్ముల నడుమ కాగితమేందిరా" అన్నాడట.

ఆ రోజు నుంచి తనను చిన్నమ్మా అనాలని అమ్మే వాడికి నేర్పింది. వాడు మొదట్లో నవ్వేవాడట. తర్వాత నేర్చుకున్నాడు. ఇచ్చామన్న మాటే గానీ వాడు పోయింది వాకిలి అవతలికే. పొద్దున అక్కడ సద్ది తాగి, మధ్యాహ్నం ఇక్కడ సంగటి తినేవాడు. పెదనాయనకు వాడంటే ప్రాణం. తిరునాళ్లకు పోతే వాడిని భుజం మీద నుంచి దించేవాడు కాదని ఊరంతా చెప్పుకునేవారు. చదువు పెద్దగా అంటలేదు గానీ సేద్యంలో మాత్రం చిన్నప్పుడే చేయి తిరిగింది. పొగరు ఎద్దును కూడా కొట్టకుండా కాడి కిందికి తెచ్చేవాడు. కొమ్ముల మధ్య గోకుతూ ఏదో గొణిగేవాడు, అది తల వంచేది.

వాడికి పద్నాలుగో ఏడో పదిహేనో ఏడో నడుస్తుండగా, ఎవరూ అనుకోనిది జరిగింది. పెద్దమ్మ నీళ్లు పోసుకుంది. మగబిడ్డ పుట్టాడు. ఆ ఇంట్లోనూ ఈ ఇంట్లోనూ అందరూ సంతోషించారు. అందులో అబద్ధం ఏమీ లేదు. పెద్దమ్మ నీళ్లకు పోతే బిడ్డను చంకనేసుకుని తిరిగింది చిన్నన్నే. ఆ పసివాడు మొదట నవ్వింది వాడిని చూసే.

మరుసటి ఏడు అబ్బ చనిపోయాడు. భూమి పంచుకోవాల్సి వచ్చింది. మెట్ట చేలను గురించి పేచీ లేదు. కొర్ర, సజ్జ, ఆముదం పండే ఎర్ర నేలలు ఎవరికి ఏవి వచ్చినా ఒకటే. పేచీ అంతా బావిచేను దగ్గరే. మా వంశానికి నీళ్లున్న చేను అదొక్కటి. పెదనాయన పెద్దవాడు కాబట్టి అది ఆయన భాగంలోకి వచ్చింది. వస్తే రానీ, రేపు అందులో సగం నా కొడుక్కే కదా వచ్చేది అన్నాడు నాయన. ఆ మాటతో పెద్దమ్మ తమ్ముడు లేచాడు. బావిచేను అంతా తన అక్క కడుపున పుట్టినవాడిదే అన్నాడు. దత్తత ఎక్కడ తీసుకున్నారు, కాగితం ఉందా, ఊరికే పెంచుకున్నారంతే అన్నాడు. పెదనాయన ఆ తర్వాత వారానికి మార్కాపురం పోయి ఒక ప్లీడరును పెట్టుకుని వచ్చాడు. అది తెలిసి నాయన కూడా పోయి ఇంకో ప్లీడరును పెట్టుకున్నాడు.

నేను కళ్లారా చూసింది ఆ తర్వాత జరిగిందే. కొర్ర కోతల రోజులు. పొద్దెక్కింది. చిన్నన్న కొడవలి నూరుకుంటూ వాకిట్లో కూర్చున్నాడు. పెదనాయన ఇంట్లో నుంచి బయటికి వచ్చి, వాడి వైపు చూడకుండా మాట్లాడాడు.

"నువ్వు ఇంగ మీ ఇంటికి పోరా."

చిన్నన్నకు అర్థం కాలేదు. "యా ఇంటికి నాయనా?" అన్నాడు.

"మీ నాయన ఇంటికి."

చెప్పి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. పగటిపూట ఆ తలుపు వేయడం నేనెప్పుడూ చూడలేదు. చిన్నన్న కొడవలి అక్కడే పెట్టి, వాకిలి దాటి మా గడప దగ్గరికి వచ్చాడు. మా నాయన గడపలో రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. అయినా పక్కకు తప్పుకోలేదు.

"ఇది నీ ఇల్లు కాదు. ఇచ్చినామంటే ఇచ్చినట్లే. నువ్వు ఆడనే ఉండాల. తోసినా కదలొద్దు" అన్నాడు.

"తలుపేసినారు చిన్నాయనా."

"కొడితే తీస్తారు."

అమ్మ వెనక నుంచి వచ్చింది. చేతిలో సంగటి గిన్నె ఉంది. నాయన వెనక్కి తిరగకుండానే చేయి అడ్డం పెట్టాడు. "ఈ ఇంట్లో వాడు ఒక్క మెతుకు తిన్నా, కొడుకును ఎనక్కి తీసుకున్నట్లే అంట. ప్లీడరు చెప్పినాడు. బావిచేను పోతాది" అన్నాడు.

అవతలి ప్లీడరు పెదనాయనకు చెప్పింది కూడా అదే మాట అని తర్వాత తెలిసింది. పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే మీ కొడుకే అవుతాడు అన్నాడట. అంటే వాడు ఎక్కడ అన్నం తింటే అక్కడివాళ్లు కేసు ఓడిపోతారు. ఇద్దరు నాయనలకూ వాడి మీద కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. తిట్టి తరిమితే, కోపం తగ్గాక పిలుస్తారని అనుకోవచ్చు. ఇక్కడ తగ్గడానికి కోపమే లేదు.

వాడు ఎద్దుల కొట్టంలో ఉండిపోయాడు. కొట్టం ఉమ్మడిది కాబట్టి ఎవరి ఇల్లూ కాదు. అమ్మ చిట్టు గంపలో సంగటి ముద్ద దాచి, గేదెకు పెట్టే వంకతో తీసుకుపోయేది. నాయన చూసీ చూడనట్టు ఉండేవాడు. పగలు వాడు ఇద్దరి చేలల్లోనూ పని చేసేవాడు. ఎవరూ చేయమనలేదు, ఎవరూ వద్దనలేదు. పని చేస్తూ పోతే మనసు కరుగుతుందని వాడి ఆశ అయి ఉంటుంది.

ఆ తర్వాత పెదనాయన వాకిట్లో అడ్డగోడ మొదలుపెట్టాడు. రాళ్లు బండ్ల మీద వచ్చాయి. మట్టి తొక్కేవాడు దొరకలేదు. చిన్నన్న పంచె ఎగ్గట్టి ఆ మట్టి తొక్కాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. గోడ వాడి మోకాలు దాకా లేచింది, నడుము దాకా లేచింది. మట్టి ముద్దలు అందిస్తూనే ఉన్నాడు. గోడ కొట్టాన్ని అవతలి వైపుకు కలిపేసుకుంటూ పోతోందని వాడు చూడలేదో, చూసీ ఆగలేదో నాకు ఈనాటికీ తెలియదు. గోడ పూర్తయ్యేసరికి కొట్టం పెదనాయనది అయింది. పెదనాయన వాడిని కొట్టంలో నుంచి కూడా బయటికి రమ్మన్నాడు. ఇటు నాయన తలుపు, అటు పెదనాయన తలుపు, మధ్యలో కొత్త గోడ. వాడు వీధిలో నిలబడ్డాడు. కాళ్లకు మట్టి ఇంకా ఆరలేదు.

తెల్లారి వాడు కనిపించలేదు. నాయన అమ్మతో, "మీ తమ్ముని కాడికి పంపించినా. కేసు అయ్యేదాకా గిద్దలూరులో ఉంటాడు" అన్నాడు. అమ్మ ప్రాణం కుదుటపడింది. మా మామ ఊరు గిద్దలూరు పక్కనే, అడవి దాపున. ఆయనకు మేనల్లుడంటే ఇష్టం. తన కూతురిని వాడికే ఇస్తానని ఎప్పటి నుంచో అనేవాడు. అమ్మ ఒక జాడీ నిండా ఊరగాయ, ఒక కొత్త చొక్కా నాయన చేతికి ఇచ్చింది, కోర్టు పని మీద మార్కాపురం పోయినప్పుడు గిద్దలూరు రైలు ఎక్కేవాళ్లతో పంపమని. పంపానని నాయన చెప్పాడు. నేనైతే చిన్నన్నను చూసి కుళ్లుకున్నాను. మామ ఊళ్లో పరిగిపండ్లు, సీతాఫలాలు చెట్ల కిందే రాలి ఉంటాయని విన్నాను.

ఒక పంట పోయి ఇంకో పంట వచ్చింది. పెద్దన్నకు పెళ్లయి వదిన కాపురానికి వచ్చింది. అమ్మ గిద్దలూరు పోయి కొడుకును చూసి వస్తానంటే నాయన ఏదో ఒక పని అడ్డం పెట్టేవాడు. కలుపు అనేవాడు, కోతలు అనేవాడు, వాయిదా అనేవాడు.

ఒక మధ్యాహ్నం మామే వచ్చాడు. తర్లుపాడులో రైలు దిగి నడిచి వచ్చాడు. నాయన అరుగు మీద పలుపు పేనుతున్నాడు. అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మామ తాగి, మూతి తుడుచుకుని, ఇంటి లోపలికి తొంగి చూశాడు.

"అల్లుడు యాడ అక్కా? చేనికాడికి పోయినాడా?" అన్నాడు.

అమ్మ నవ్వింది. మామ పరాచికం ఆడుతున్నాడనుకుంది. "నీ కాడ్నే గదా ఉండేది" అంది.

"నా కాడ ఎందుకుంటాడు? నేను వాడిని చూసి రెండేండ్లు దాటిపాయ. పిల్ల ఎదిగింది, ముహూర్తం మాట్లాడదామనే వస్తి."

అమ్మ చేతిలో ఖాళీ చెంబు అట్లే ఉండిపోయింది. నాయన వేళ్లు మాత్రం పలుపు పేనుతూనే ఉన్నాయి. ఆ వేళ్లు ఆగి ఉంటే, ఆయన కూడా మాలాగే ఉలిక్కిపడ్డాడని అనుకునేదాన్ని. ఆగలేదు.

"ఏమయ్యా" అంది అమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "వాడు యాడుండాడు?"

"నాకు తెల్దు."

"తెల్దంటే?"

"తెల్దంటే తెల్దు. అట్ల చెప్పకపోతే నువ్వు ఇంట్లో నిలుస్తావా? వాడు పదేండ్ల పసిబిడ్డ కాదు. యాడనో ఒకచోట బతుకుతుంటాడు. కేసు కానీ, నేనే పోయి తెచ్చుకుంటా."

"ఊరగాయ జాడీ?"

ఆ మాట ఎందుకు అడిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాయన ఈసారి వేళ్లు ఆపాడు. జాడీ ప్లీడరు ఇంట్లో ఇచ్చానన్నాడు. చొక్కా సంగతి చెప్పలేదు, అమ్మ అడగలేదు. చెంబు కింద పెట్టి, లోపలికి పోయి, ఉతికిన చీర ఒకటి, నా గౌను ఒకటి మూట కట్టింది. మామను లేవమంది. నన్ను చేయి పట్టుకుంది.

ఊరు దాటాక మేకలు తోలుకుని ఎదురొచ్చింది ఒక అవ్వ. మందలు మేపుకునే వాళ్ల ఇంటి మనిషి. అమ్మ ఆమెను ఆపి, మావాడు ఎక్కడైనా కనిపించాడా అని అడిగింది. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అడిగిన మాట అది. అవ్వ ఆలోచించను కూడా లేదు.

"మార్కాపురంలో పలకల కాడ ఉండాడు గదమ్మా. మావాడు పోయినప్పుడంతా అగపడతాడు."

"నాకెందుకు చెప్పలేదు అవ్వా?"

"నీకు తెలిసే ఉంటాదనుకుంటిమి. రెండిండ్ల గొడవ. మేం నోరు తెరిస్తే ఎవరికి కోపమొస్తాదో. అడిగింటే చెప్తుంటిమి గదా."

స్టేషన్లో మా ఊరివాళ్లు ఇద్దరు రైలు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్లకూ తెలుసు. సంతకు పోయినప్పుడు వాడితో మాట్లాడారట, వానల గురించీ, ఎద్దుల గురించీ. ఎర్ర ఎద్దు ఎట్లుందని వాడు అడిగాడట. బాగుందని చెప్పారట. అది చెప్పి, రైలు ఆలస్యమని చెప్పారు. ఊరంతా తెలుసు. తెలియనిది మా ఇంట్లో ఆడవాళ్లకు, నాలాంటి పిల్లలకు. ఆ రైలు కిటికీ పక్కన కూర్చుని నేను ఊళ్లో ఒక్కొక్క ముఖమే తలుచుకున్నాను. రోజూ నన్ను పలకరించే ముఖాలే. ఒక్కటీ పాత ముఖంలా తోచలేదు.

మార్కాపురం స్టేషనుకూ ఊరికీ చాలా దూరం. జట్కాలో పోయాం. పలకల కార్ఖానాలు మొదలయ్యే చోట రోడ్డుకు రెండు పక్కలా నల్లటి రాతి ముక్కల గుట్టలు. గనుల నుంచి తెచ్చిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, పలకలుగా కోసి, పనికిరానివి అక్కడ పారబోస్తారు. ఎండకు ఆ గుట్టలు మెరుస్తున్నాయి. ఒక రేకుల కొట్టం కింద వరసగా మనుషులు కూర్చుని రాయి చీలుస్తున్నారు. అందరి తలలూ, కనుబొమ్మలూ బూడిద రంగులో ఒకే తీరుగా ఉన్నాయి. వాళ్లలో మావాడు ఎవరో నాకు తెలియలేదు. అమ్మకు కూడా వెంటనే తెలియలేదు. ఆ సంగతి ఆమె చనిపోయేదాకా తలుచుకుని బాధపడేది. వాడే లేచి నిలబడ్డాడు.

మా ప్రాంతంలో దారిన పోయే కొత్తవాడినైనా మామా అనో, అన్నా అనో, అబ్బా అనో వరస కలిపి పిలుస్తారు. వరస లేని పిలుపు ఉండదు. చిన్నన్న అమ్మ ముందుకు వచ్చి నిలబడి ఏ వరసా పెట్టకుండా, "ఎప్పుడొచ్చినారు?" అన్నాడు. అమ్మా అనలేదు. చిన్నమ్మా అనలేదు.

అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. "యాడ పడుకుంటావు?" అని అడిగింది.

కొట్టం వెనక, పేర్చిన పలకల వరసల సందు చూపించాడు. గోనెసంచులు పరిచి ఉన్నాయి. వాడొక్కడే కాదు, ఇంకా కొందరు కుర్రవాళ్లు ఉన్నారు అక్కడ. నేను వాళ్లంతా తల్లీతండ్రీ లేని పిల్లలనుకున్నాను. కాదు. ఒకడు కొనకనమిట్ల వైపు వాడు, తల్లి పోయాక నాయన మారు పెళ్లి చేసుకుంటే ఆ వచ్చినామెతో పడక వెళ్లగొట్టించుకున్నవాడు. ఇంకొకడు యర్రగొండపాలెం అవతలి నుంచి వచ్చాడు. నాయన తాగొచ్చి అమ్మను కొడుతుంటే ఒకరోజు తిరిగి కొట్టాడట. ఆ అమ్మే వాడిని ఇంట్లోకి రావద్దందట. అందరికీ ఇండ్లున్నాయి. తలుపులున్నాయి. ఇల్లు అనేది లేకపోవడానికి పేదరికమో చావో కారణం కావాలని అప్పటిదాకా నా ఎరుక. నాకప్పుడు పన్నెండేళ్లు దాటి ఉండవు.

"ఇంటికి పోదాం పా" అంది అమ్మ.

"వద్దులే. నేను వస్తే కేసు పోతాది."

"పోతే పోనీ."

"అట్లనొద్దు. ఆయప్ప బావిచేని కోసరం అంత తిరుగుతుండాడు. ఇంతకాలం ఓర్చుకుంటి. ఇంగెంత."

వాడు కోపంతో అన్న మాట కాదది. నిజంగానే అట్ల అనుకుంటున్నాడు. తనను బయట నిలబెట్టిన నాయన కేసు ఓడిపోకూడదని, ఆ పలకల సందులో పడుకుంటూ, ఆ ఇండ్ల మెతుకు ముట్టకుండా వాడే ఆ షరతు నిలబెడుతున్నాడు. మామ అది విని తల పక్కకు తిప్పుకున్నాడు.

అమ్మ ఏడవలేదు. కొట్టం బయట ఒక రాయి మీద కూర్చుని, మామతో, "నువ్వు పోయి మీ బావకు చెప్పు. నేను ఈడనే ఉంటా. వాడు ఆ ఇంట్లో తినకూడదు గానీ, నేను వండింది తినకూడదని ఏ ప్లీడరూ చెప్పలేదు" అంది.

మామ చాలాసేపు బతిమాలాడు. తర్వాత లేచి, పోయే ముందు అమ్మను కొంచెం దూరం తీసుకుపోయాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. "అక్కా, ఇల్లు వాకిలి లేనోనికి పిల్లను ఎట్ల ఇచ్చేది? నువ్వే చెప్పు" అన్నాడు. ఆ పిల్లకు మరుసటి ఏడు వేరేచోట పెళ్లయింది.

మేము అదే వీధిలో ఒక గది తీసుకున్నాం. అమ్మ పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి కుదిరింది. నన్ను అక్కడి బడిలో వేసింది. చిన్నన్న మొదట్లో గది లోపలికి వచ్చేవాడు కాదు. గుమ్మం బయట కూర్చుని తినేవాడు. అమ్మ బలవంతం చేయలేదు. వానాకాలం వచ్చాక ఒకరోజు కంచం తీసుకుని లోపలికి వచ్చాడు. వాడి వెనకే కొనకనమిట్ల పిల్లవాడు కూడా వచ్చాడు. అమ్మ ఇద్దరికీ వడ్డించింది.

నాయన వచ్చాడు, మామ చెప్పిన మాట విని. గడప బయటే నిలబడి, "ఊరు ఏమనుకుంటాదో ఆలోచన చేసినావా?" అన్నాడు.

"ఊరికి అంతా ముందే తెలుసు" అంది అమ్మ. "కేసు అయినాక రా."

ఆయన వెనక్కి మళ్లాడు. పోతూ తెచ్చిన సజ్జల సంచి గోడ వారగా పెట్టాడు. అమ్మ దాన్ని లోపలికి తెచ్చి వండింది. నాకు ఆశ్చర్యం వేసింది. విసిరికొడుతుందనుకున్నాను. "పిల్లలకు ఆకలవుతాది గదా" అంది, అంతే.

కేసులో చిన్నన్నను సాక్షిగా పిలిచారు. అమ్మా నేనూ కోర్టు వరండాలో నిలబడి కిటికీలో నుంచి చూశాం. ఒక పక్క నాయన, ఇంకో పక్క పెదనాయన. ఇద్దరూ ఉతికిన పంచెలు కట్టుకుని ఉన్నారు. గుమాస్తా పేరు అడిగాడు, చిన్నన్న చెప్పాడు. తండ్రి పేరు అడిగాడు. ఇద్దరు నాయనలూ ముందుకు వంగారు. ఆ పేరు మీదే కేసంతా ఉంది. చిన్నన్న అమ్మ పేరు చెప్పాడు.

"తండ్రి పేరు అడుగుతుండేది" అన్నాడు గుమాస్తా.

మళ్లీ అమ్మ పేరే చెప్పాడు. వెనక ఎవరో నవ్వారు. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. వాయిదా వేశారు.

ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు. వానలు లేక బావిలో నీళ్లు అడుగంటాయి. ప్లీడర్ల చుట్టూ తిరిగి ఇద్దరూ అలిసిపోయారు. ఊరి పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేశారు. నాయన పొద్దున్నే మా గదికి వచ్చాడు. ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. ఈసారి గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"రాజీ అయిపోయింది. బావిచేను చెరిసగం. మోట వంతులు వేసుకుంటిమి. ఇంగ ఇంటికి పోదాం, అందరూ లేయండి" అన్నాడు.

చిన్నన్న పనికి పోవడానికి తలకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. "రాజీలో నన్ను ఎవరి పక్క రాసినారు?" అని అడిగాడు.

నాయన అర్థం కానట్టు చూశాడు. "ఆ మాట రాలేదు."

"రాలేదా?"

"బావి సంగతి తెగినాక ఇంగ ఆ మాటెందుకు వస్తాది? నువ్వు యాడున్నా ఒకటే ఇప్పుడు. మా ఇంట్లోనే ఉండు."

చిన్నన్న గుడ్డ చుట్టుకోవడం ఆపాడు. వాడు అంతగా నిర్ఘాంతపోవడం నేను అంతకు ముందు చూడలేదు. ఇండ్ల నుంచి బయటికి నెట్టిన రోజున కూడా చూడలేదు. అప్పుడు కనీసం వాడి పేరు మీద ఒక గొడవ ఉంది. వాడు ఇక్కడ తినకూడదు, అక్కడ పడుకోకూడదు అని ఇద్దరు ప్లీడర్లు తలలు బద్దలుకొట్టుకున్నారు. వాడూ అందుకే ఓర్చుకున్నాడు. తీరా తెగిన రోజున, వాడు అవసరమే పడలేదు. ఊరి పెద్దల్లో ఒక్కరికీ వాడు గుర్తు రాలేదు.

"నాకు పనికి పొద్దుపోయింది" అని బయటికి పోయాడు.

అమ్మ లేవలేదు. నాయన మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, అన్నం తిని, రైలు వేళకు పోయాడు.

కొన్నాళ్లకు పెదనాయన వచ్చాడు, చిన్న కొడుకును వెంటబెట్టుకుని. ఆ పిల్లవాడు బడికి పోయే వయసుకు వచ్చాడు. పెదనాయన బాగా చిక్కిపోయాడు. గడపలోనే కూలబడి, "రా నాయనా, ఇంటికి పోదాం. ముసలోన్ని, నోటి మాట పట్టుకోవద్దు" అని ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. చిన్నన్న పెదనాయన కోసం చాప వాల్చాడు, చెంబుతో మంచినీళ్లు ఇచ్చాడు. పిల్లవాడిని ఎత్తుకుని వీధిలోకి తీసుకుపోయి బొరుగులు కొనిపెట్టాడు. వాడికి అన్న గుర్తు లేడు. అయినా భుజం మీద తల వాల్చాడు.

తిరిగి వచ్చి పిల్లవాడిని దించి, చిన్నన్న పెదనాయనతో అన్నాడు, "మీరు ఎండెక్కక ముందే బయల్దేరండి. మీకు రైలు తప్పిపోతాది."

మా ఇండ్లల్లో నాయనను ఎవరూ మీరు అనరు. కలెక్టరును అంటారు, ప్లీడరును అంటారు. పెదనాయన ఆ మాట విని, కళ్లు తుడుచుకోవడం కూడా మానేసి వాడి వైపు చూశాడు. తర్వాత పిల్లవాడి చెయ్యి పట్టుకుని లేచాడు. మళ్లీ రాలేదు.

చిన్నన్న మార్కాపురంలోనే ఉండిపోయాడు. పలకల పనిలోనే ఒక అమ్మాయిని చూసి అమ్మ పెళ్లి చేసింది. దుమ్ము వల్ల దగ్గు పట్టుకుంటే ఆ పని మాని ఎద్దులబండి కొనుక్కుని స్టేషనుకూ ఊరికీ సరుకు తోలాడు. నాయనకు జబ్బు చేసినప్పుడు అమ్మ ఊరికి పోయి చివరిదాకా చేసింది. అయిపోయాక తిరిగి కొడుకు దగ్గరికే వచ్చింది. గదిలో తిన్న పిల్లల్లో కొనకనమిట్ల వాడిని కొన్నేళ్లకు వాళ్ల నాయనే వచ్చి తీసుకుపోయాడు. అమ్మ అప్పుడు ఆ తండ్రిని కూర్చోబెట్టి, పిల్లవాడు ఏం తింటాడో, రాత్రిళ్లు ఎందుకు ఉలిక్కిపడతాడో చాలాసేపు చెప్పింది. యర్రగొండపాలెం వాడు మాత్రం ఒకరోజు రైలెక్కి పోయాడు. గుంటూరు వైపు అన్నారు కొందరు, నంద్యాల వైపు అన్నారు కొందరు. వాడి తల్లి ఒకసారి వెతుక్కుంటూ మా గదికి వచ్చింది. వాడు రైలెక్కి పోయాడని చెప్పాం. వాడు పడుకునే చోటు చూపించమంది. అమ్మ ఆమెను వెంటబెట్టుకుని పలకల కొట్టం వైపు నడిచింది.